వానను పోగుచేసుకునే పొద: ఆస్ట్రేలియా లోతట్టు నేలల్లో ముల్గా

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసివేశాం, మాటల తీరును అలాగే ఉంచాం.)

అధ్యక్షులకు, పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న వ్యవసాయ విద్యార్థులకు నమస్కారం. ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క మొక్క గురించి మాట్లాడతాను. అది మన నేల మీద పుట్టింది కాదు, మన రైతు పెంచేదీ కాదు. ఆస్ట్రేలియా ఖండం నడిమధ్యన, సముద్రానికి వందల మైళ్ల దూరంలో, ఎర్రమట్టి నేలల్లో పెరిగే ఒక పొద అది. దాన్ని అక్కడివారు ముల్గా అంటారు. శాస్త్రీయ నామం అకేసియా ఆన్యూరా. 1855లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ బెంథామ్ దీన్ని మొదటిసారిగా వర్ణించి ప్రచురించాడు. ఆ దేశంలో అకేసియా మొక్కలన్నిటికీ కలిపి వాటిల్ అని పేరు. అలాంటి వాటిల్ జాతులు అక్కడ సుమారు వెయ్యి ఉన్నాయి. ఆ వెయ్యిలో ఇది ఒకటి.

ఒకటే అయినా, ఇది ఆక్రమించిన చోటు తక్కువేమీ కాదు. పడమటి ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతం నుంచి దక్షిణ ఆస్ట్రేలియా, ఉత్తర భూభాగాల మీదుగా క్వీన్స్‌లాండ్ నైరుతి మూల వరకు, న్యూ సౌత్ వేల్స్ పడమటి అంచు వరకు, ఆ ఖండంలో దాదాపు ఐదో వంతు నేల మీద ముల్గా, దాని దగ్గరి చుట్టాలే ప్రధానమైన చెట్లు. ఐదో వంతు! ఆ నేలల్లో ఏడాదికి 200 నుంచి 500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురానికి సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల అని మీకు తెలుసు, అది తక్కువని మనం ఎంత బాధపడతామో కూడా తెలుసు. ముల్గా దేశానికి నడుమ ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో సగటు 280 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పైగా ఆ సగటును నమ్మడానికి వీల్లేదు, ఎందుకంటే ఒక ఏడాది రెండింతలు పడి, తరువాతి మూడేళ్లు సగం కూడా పడకపోవచ్చు.

అలాంటి చోట రెండు వందల ఏళ్లకు పైగా బతకగల చెట్టు ఎలా బతుకుతోంది? దీనికి మనకు వెంటనే తోచే జవాబు, అది నీటిని పొదుపుగా వాడుకుంటుంది అని. ఆ జవాబు తప్పు కాదు, కానీ అసలు సంగతి అందులో లేదు. ముల్గా పొదుపరి మాత్రమే కాదు, అది నీటిని పోగుచేసుకునే చెట్టు. ఒకచోట పడిన వానను మరొకచోటికి చేర్చి, అక్కడ నిలవ పెట్టి, ఆ నిలవ మీద తాను బతికి, తన చుట్టూ ఉన్నవాటిని బతికిస్తుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు మొక్కను చూద్దాం. మంచి నేలలో పది మీటర్ల చెట్టు అవుతుంది, పలచటి నేలలో రెండు మూడు మీటర్ల పొదగానే ఉండిపోతుంది. బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ. ముళ్లు లేవు. మన నల్లతుమ్మను చూసిన కంటికి ఇది తుమ్మ బంధువంటే నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే ఇందులో చింతాకులా చీలిన సన్నటి ఆకులు కూడా లేవు. మనం ఆకు అనుకునేది నిజానికి ఆకు తొడిమ. ఆ తొడిమే సాగి, చదునై, ఆకు చేయవలసిన పని చేస్తుంది. దాన్ని ఫిల్లోడ్ అంటారు. విద్యార్థులు దీని కోసం ఆస్ట్రేలియా వెళ్లనక్కరలేదు. మన అటవీశాఖ నర్సరీల్లో ఆస్ట్రేలియా తుమ్మ మొలకలు ఉంటాయి కదా, రోడ్ల పక్కన విరివిగా నాటినది, శాస్త్రీయ నామం అకేసియా ఆరిక్యులిఫార్మిస్, ఆ మొలకలను దగ్గరగా చూడండి. మొదట వచ్చే ఒకటి రెండు ఆకులు మన తుమ్మాకుల్లా చీలి ఉంటాయి. ఆ తరువాతి ఆకులో తొడిమ వెడల్పవుతుంది, చివర చిన్న చీలికలు మిగులుతాయి. ఆ పైన వచ్చేవన్నీ వట్టి తొడిమలే. ముల్గా మొలకలోనూ ఇదే జరుగుతుంది. మూడు నాలుగు వారాల వయసున్న మొలకలో మీరు దీన్ని వరుసగా చూడవచ్చు. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టేకంటే అది మేలు.

ముల్గా ఫిల్లోడ్లు వాన ఎక్కువ పడే చోట కొంచెం వెడల్పుగా, మరీ ఎండు నేలల్లో సూదుల్లా సన్నగా ఉంటాయి. వాటి మీద సన్నటి నూగు ఉంటుంది, గాలి పీల్చే రంధ్రాలు లోతుగా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, అవి నిలువుగా నిలబడి ఉంటాయి. నడినెత్తి ఎండ వాటి అంచు మీద పడుతుంది, వెడల్పు మీద పడదు. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు మాత్రమే వెడల్పు మీద వెలుతురు పడుతుంది, అప్పుడు వేడి తక్కువ కాబట్టి నీటి నష్టమూ తక్కువ. కరువు బాగా ముదిరితే చెట్టు ఫిల్లోడ్లలో కొన్నిటిని రాల్చేస్తుంది, రాలినవి చెట్టు మొదలు చుట్టూ నేలకు కప్పుగా ఉంటాయి. ఇక్కడి వరకు ఇది పొదుపు కథే.

ఇప్పుడు పోగుచేసే కథ. ఫిల్లోడ్లే కాదు, కొమ్మలు కూడా నిక్కపొడుచుకొని పైకి ఉంటాయి. చెట్టు మొత్తం కిందికి సన్నబడుతూ వచ్చే ఆకారం. వాన చినుకు ఫిల్లోడ్ మీద పడితే దాని మొదటికి జారుతుంది, అక్కడి నుంచి రెమ్మకు, రెమ్మ నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి కాండానికి, కాండం వెంబడి నేలకు, సరిగ్గా వేరు మొదటికి. మన వేపచెట్టు కింద వాన వస్తే ఎక్కడ నీరు కారుతుంది? గొడుగు అంచున కారుతుంది కదా. ముల్గా దానికి పూర్తిగా వ్యతిరేకం. రాల్ఫ్ స్లాటియర్ అనే శాస్త్రవేత్త, తరువాతి కాలంలో ఆస్ట్రేలియా ప్రభుత్వానికి మొట్టమొదటి ముఖ్య శాస్త్రవేత్త అయినాయన, మధ్య ఆస్ట్రేలియాలో ముల్గా కాండాల చుట్టూ జారే నీటిని పట్టి కొలిచి 1965లో ప్రచురించాడు. పెద్ద వానల్లో, చెట్టు తల మీద పడిన నీటిలో 40 శాతం వరకు కాండం వెంబడి మొదటికి చేరుతోందని తేలింది. మళ్లీ చెబుతున్నాను, వందకు నలభై వరకు. అంటే ఆకాశం ఆ నేల మొత్తానికి 20 మిల్లీమీటర్లు ఇస్తే, చెట్టు తన కాండం చుట్టూ ఉన్న చిన్న వలయానికి దానికి ఎన్నో రెట్లు తెచ్చి పోసుకుంటోంది. పలచగా పరుచుకొని మర్నాటి ఎండకు ఆవిరైపోవలసిన నీరు ఒకచోట కూడి, లోతుకు దిగి, ఎండకు అందకుండా నిలుస్తోంది. ఇదంతా చేయడానికి చెట్టుకు ఖర్చేమీ లేదు, అది నిలబడిన తీరులోనే ఉంది.

లోతుకు దిగుతుందన్నాను గానీ, చాలా చోట్ల ముల్గా నేలల అడుగున గట్టి పొర ఉంటుంది, పార దిగనంత గట్టిది. వేర్లు కూడా ఎక్కువగా ఆ పొర పైనే ఉంటాయి. పక్కనే పెరిగే కొన్ని యూకలిప్టస్ వర్గపు చెట్లు లోతైన భూగర్భ జలం దాకా వేర్లు దించుకుంటే, ముల్గా మాత్రం పైపొరల్లో తాను కూడబెట్టుకున్న వాన మీద ఆధారపడుతుంది. బోరు లేని రైతు పరిస్థితి. అందుకే దానికి ఆ కూడబెట్టడం అంత అవసరం.

ఒక చెట్టు చేసే పని ఇది. వేల చెట్లు కలిసి చేసే పని ఇంకా గొప్పది. విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాల్లో కొన్ని ముల్గా నేలలు చారలు చారలుగా కనిపిస్తాయి. చెట్లు గుంపుగా ఉన్న ఒక ముదురు చార, దాని పక్కన దాదాపు బోడిగా ఉన్న వెడల్పాటి ఎర్ర చార, మళ్లీ చెట్ల చార, మళ్లీ బోడి చార, ఇలా మైళ్ల కొద్దీ సాగుతాయి. ఎవరైనా దున్ని నాటారా? లేదు. ఆ చారలు నేల వాలుకు అడ్డంగా, మన వాటర్‌షెడ్ పథకాల్లో కాంటూరు గట్లు వేసినట్టు ఉంటాయి. వాలు కంటికి తెలియనంత స్వల్పం. బోడి చార పైపొర గట్టిపడి ఉంటుంది కాబట్టి దాని మీద పడిన వాన ఇంకదు, పలచటి పొరగా కిందికి పారుతుంది. చెట్ల చారకు రాగానే రాలిన ఆకులు, పుల్లలు, గడ్డి మొదళ్లు ఆ నీటిని ఆపుతాయి. అక్కడ చీమలు, చెదపురుగులు తవ్విన రంధ్రాలు నేల నిండా ఉంటాయి కాబట్టి నీరు త్వరగా ఇంకుతుంది. నీటితో పాటు కొట్టుకొచ్చిన గింజలు, ఆకు పొడి, సన్నటి మన్ను కూడా అక్కడే ఆగిపోతాయి. వాన మరీ పెద్దదై ఆ చార పట్టలేకపోతే మిగులు నీరు దాటి కింది చారకు పోతుంది. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండినట్టే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ బోడి చారను చూసి, అయ్యో ఇంత నేల వృథాగా పడి ఉంది, ఇక్కడ కూడా చెట్లు నాటితే పచ్చగా ఉంటుంది కదా అనిపిస్తుంది. నాకు పరిచయమున్న ఇంజనీర్లలో సగం మంది అలాగే అంటారు. కానీ ఆ బోడి నేల వృథాగా లేదు, అది పక్క చారకు నీరు పట్టి ఇచ్చే పరీవాహక ప్రాంతం. 250 మిల్లీమీటర్ల వాన నేల అంతటా సమంగా పంచితే ఏ చెట్టుకూ చాలదు. నేలలో కొంత ఎండగా ఉంటేనే మిగతాది పచ్చగా ఉంటుంది. సమంగా పంచడం అన్నిచోట్లా న్యాయం కాదు మరి, కనీసం వాన విషయంలో.

గింజ, నిప్పు, కుందేలు

చెట్టు బతకడం ఒక ఎత్తు, పిల్ల చెట్టు రావడం మరొక ఎత్తు. ముల్గా వాన పడినప్పుడల్లా పూయగలదు. పసుపు పచ్చని పూలు చిన్న కంకుల్లా వస్తాయి. పూసినంత మాత్రాన కాయ కాయదు. మంచి వేసవి వాన పడి, దాని వెంట చలికాలంలోనూ వాన పడితేనే కాయ నిండి గింజ ముదురుతుంది. అక్కడ వేసవి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో అని గుర్తుపెట్టుకోండి. ఆ రెండు వానలూ ఒకదాని వెంట ఒకటి రావడం ఎన్నేళ్లకో గాని జరగదు. అందుకే కచ్చితంగా వేసవిలోనే వాన పడే ఉత్తరాన గాని, కచ్చితంగా చలికాలంలోనే పడే దక్షిణపు కొసన గాని ముల్గా ఉండదు. ఎప్పుడు పడుతుందో తెలియని నడిమి నేలే దాని స్థానం. గింజ పైపెంకు గట్టిది, నేలలో ఏళ్ల తరబడి చెడకుండా పడి ఉంటుంది, నిప్పు వేడి తగిలితే ఆ పెంకు పగిలి మొలకెత్తుతుంది.

నిప్పు తగిలితే మొలకెత్తుతుంది కాబట్టి నిప్పు మేలు చేస్తుందా? సగమే నిజం. గట్టి మంట ముల్గాను చంపేస్తుంది. యూకలిప్టస్ మాదిరిగా మళ్లీ మొదట్లోంచి చిగురించదు. చచ్చిన చెట్ల కింద గింజలు మొలుస్తాయి, ఆ పిల్లలు పెరిగి గింజ కాసేలోపు రెండో మంట రాకుంటే సరే. వస్తే మాత్రం ఆ చోట ముల్గా ఉండదు, స్పినిఫెక్స్ అనే ముళ్ల గడ్డి ఆక్రమిస్తుంది. ఆ గడ్డి తానే నూనెలా మండుతుంది కాబట్టి ఆ తరువాత ముల్గాకు తిరిగి చోటు దొరకదు. మరో చిత్రం, ఎడారి నేలల్లో పెద్ద మంటలు కరువులో రావు, మంచి వానల తరువాత వస్తాయి. వానకు గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, ఎండుతుంది, అంటుకుంటుంది. 1974లో ఆ ఖండం నడుమ ఎన్నడూ లేనంత వానలు పడ్డాయి. ఆ వెంటనే 1974-75 వేసవిలో దేశం మొత్తంలో 11 కోట్ల 70 లక్షల హెక్టార్లు కాలిపోయింది. ఆస్ట్రేలియా నేలలో దాదాపు 15 శాతం. అందులో అత్యధిక భాగం మనుషులు అరుదుగా ఉండే లోతట్టు నేలే కాబట్టి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా చలి రోజుల్లో చిన్న చిన్న ముక్కలుగా గడ్డిని కాల్చుతూ ఉండేవారు. అప్పుడు పెద్ద మంట వచ్చినా కాలిన ముక్క దగ్గర ఆగిపోయేది. ఇరవయ్యో శతాబ్దంలో వారిని మిషన్లకు, శిబిరాలకు తరలించాక ఆ కాల్చడం చాలా చోట్ల ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని తిరిగి మొదలుపెట్టే పని ఆదివాసీ రేంజర్లు చేస్తున్నారు.

ముల్గా మీద కొత్త ముప్పు ఒకటి వచ్చిపడింది, అందులో మనకూ చుట్టరికం ఉంది. మన పశుసంవర్ధక శాఖవారు మెట్ట భూములకు సిఫారసు చేసే అంజన్ గడ్డి మీకు తెలుసు. ఆస్ట్రేలియాలో దాన్ని బఫెల్ గడ్డి అంటారు. ఆఫ్రికా నుంచి మన ఉపఖండం వరకు దాని పుట్టిల్లు. పంతొమ్మిదో శతాబ్దంలో అఫ్గానిస్తాన్, బలూచిస్తాన్ ప్రాంతాల నుంచి ఒంటెలనూ వాటిని నడిపేవారినీ ఆస్ట్రేలియా తీసుకువెళ్లినప్పుడు ఒంటెల జీనుల్లో కూరిన గడ్డితో పాటు దాని గింజలూ వెళ్లాయి. తరువాత పశువుల మేత కోసం కావాలనే చల్లారు. మేతగా మంచిదే, కాదనను. కానీ అది ముల్గా చెట్ల మధ్య ఖాళీలన్నీ నింపేస్తుంది, ఆ నేలలో ఇంతకు ముందెన్నడూ లేనంత దట్టంగా ఎండుగడ్డిని నిలబెడుతుంది, మంటను చెట్టు నుంచి చెట్టుకు నడిపిస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2015లో దాన్ని కలుపుమొక్కగా ప్రకటించింది. మన దగ్గర వరం, అక్కడ శాపం.

కుందేళ్ల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1859లో విక్టోరియాలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి తెప్పించి వదిలిన కుందేళ్లు ఖండం నడిమధ్యదాకా పాకిపోయాయి. పెద్ద ముల్గాకు కుందేలు ఏమీ చేయలేదు. కానీ జానెడు మొలకను కొరికేస్తుంది. మొక్కజాతి ఎలా మాయమవుతుందో తెలుసా? పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి, అడవి నిండుగా కనబడుతూనే ఉంటుంది, కింద పిల్లలు ఉండవు. ముసలివి ఒక్కొక్కటి పోతుంటే వాటి చోట వచ్చేవి ఉండవు. చూసేవారికి ముప్పయ్యేళ్లయినా తేడా తెలియదు. దీన్ని కనిపెట్టడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక ఎడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆస్బోర్న్ అనే ఆచార్యుడికి ఉంది. ఆయన 1925లో దక్షిణ ఆస్ట్రేలియాలోని కూనమోర్ అనే గొర్రెల స్టేషనులో, అంటే పెద్ద గొర్రెల పెంపక క్షేత్రంలో, కొంత నేలకు కంచె వేయించి, గొర్రెలను బయట పెట్టి, లోపల గుర్తులు పాతి, అదే చోటు నుంచి అదే దిక్కుకు ఫొటోలు తీయించడం మొదలుపెట్టాడు. ఆ పని తరువాతి తరాలు కొనసాగించాయి. గొర్రెలను ఆపినా కొత్త ముల్గా మొక్కలు రాలేదు, ఎందుకంటే కుందేళ్లు లోపలే ఉన్నాయి. కుందేళ్లను గట్టిగా అదుపు చేశాకే పిల్ల చెట్లు నిలదొక్కుకున్నాయి. చదరపు కిలోమీటరుకు లెక్కపెట్టదగినన్ని కుందేళ్లున్నా చాలు, ముల్గా మొలకలను మిగలనివ్వవు. 1950లో మిక్సోమటోసిస్ వైరస్, 1995లో మరో వైరస్ కుందేళ్లను ఊడ్చేసినప్పుడు చాలా నేలలకు ఊపిరి ఆడింది.

మనుషులు దానితో ఏం చేశారు

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. మధ్య ఆస్ట్రేలియా ఆదివాసులకు, అరెర్న్‌తె, వార్ల్‌పిరి, పిత్జన్‌జత్జర, అన్మాత్యెర్ వంటి ప్రజలకు, ముల్గా ఇంటి చెట్టు. దాని కర్ర చాలా బరువైనది, గట్టిది, లోపల ముదురు గోధుమ రంగులో, అంచున పసుపు రంగులో ఉంటుంది. ఈటె మొనలు, ఈటెను విసిరే సాధనం, బూమరాంగులు, ఆడవారు నేల తవ్వే కర్రలు దానితో చేసేవారు. పొగ తక్కువ, వేడి ఎక్కువ కాబట్టి వంటచెరకుగానూ దానికే మొదటి చోటు.

గింజలు తిండి. ఆడవారు కాయలను దులిపి, చెక్క పళ్లెంలో ఎగరేసి పొట్టు తీసి, వేడి బూడిదలోనో ఇసుకలోనో వేయించి, నీళ్లు చల్లుకుంటూ రాతి మీద నూరి ముద్ద చేసేవారు. అది పచ్చిగానే తినేవారు. గోధుమపిండి సంచుల్లో రావడం మొదలయ్యాక ఆ నూరే శ్రమను చాలామంది వదిలేశారు. అది ఎంత శ్రమో తిరగలి విసిరినవారికి చెప్పక్కరలేదు కాబట్టి వారిని నేను తప్పు పట్టను.

గింజలకే పరిమితం కాలేదు. ముల్గా కొమ్మల మీద ఒక రకం చిన్న కందిరీగ గుడ్లు పెడితే అక్కడ గుండ్రటి బుడిపె కడుతుంది. దాన్ని ముల్గా ఆపిల్ అంటారు, తింటారు. ఒక రకం పొలుసు పురుగు కొమ్మల మీద ఎర్రగా అంటుకొని తియ్యటి రసం స్రవిస్తుంది. పిల్లలు ఆ కొమ్మలను నోట పెట్టుకొని చప్పరిస్తారు, లేదా నీటిలో నానబెట్టి తాగుతారు.

వీటన్నిటికన్నా పేరున్నవి తేనె చీమలు. కంపోనోటస్ ఇన్‌ఫ్లేటస్ అనే ఈ చీమలు ముల్గా చెట్ల కిందే పుట్టలు పెడతాయి. వాటిలో కొన్ని పనిచీమలు తమ పొట్టలోనే తియ్యటి ద్రవం నింపుకొని ద్రాక్షపండంత ఉబ్బి, నేల అడుగున గదుల కప్పుకు వేలాడుతూ ఉంటాయి. పైన తిండి దొరకని రోజుల్లో మిగతా చీమలు వాటి దగ్గరికి వచ్చి తాగుతాయి. చూశారా, ఇక్కడ కూడా పోగుచేయడమే. వాన రోజుల్లో దొరికిన తీపిని వాన లేని రోజులకు దాచడం. ఆడవారు ముల్గా మొదళ్ల చుట్టూ నేల మీద చీమలు పోయే సన్నటి దారులు చూసి పుట్టను గుర్తుపట్టి, మీటరు లోతుకు పైగా తవ్వి వాటిని తీస్తారు. ఈ తేనె చీమ వారి సృష్టి కథల్లో పూర్వీకురాలు కూడా. 1971లో పపున్యా అనే ఊరి పాఠశాల గోడ మీద అక్కడి పెద్దలు తేనె చీమ కథను చిత్రించారు. పశ్చిమ ఎడారి చిత్రకళ అని నేడు ప్రపంచ ప్రదర్శనశాలల్లో వేలాడే కళకు ఆ గోడ ఒక ముఖ్యమైన ఆరంభం. ఆ గోడను తరువాత తెల్ల రంగు వేసి కప్పేశారు, అది వేరే విషాదం.

పందొమ్మిదో శతాబ్దంలో గొర్రెల కాపరులు వచ్చారు. వారికి ముల్గా అంటే కంచె గుంజ, కరువు మేత. క్వీన్స్‌లాండ్ నైరుతిలో చార్ల్‌విల్ వైపు నేటికీ కరువు వస్తే బుల్డోజరుతో ముల్గాను తోసి పడగొట్టి పశువులకు ఆకు అందిస్తారు. కరువులో మన గొల్లలు, కురుమలు తుమ్మ కొమ్మలు నరికి మేకలకు వేస్తారు కదా, పని అదే, యంత్రం పెద్దది. ఆకులో మాంసకృత్తులు పది శాతం పైనే ఉంటాయి కాబట్టి కాగితం మీద మంచి మేత. కాని అందులో టానిన్లనే వగరు పదార్థాలు కూడా దండిగా ఉన్నాయి, అవి ఆ మాంసకృత్తులను పట్టి ఉంచి గొర్రె పొట్టలో అరగనివ్వవు. అందుచేత ఒట్టి ముల్గా మీద వదిలిన గొర్రె చావదు గాని, బరువు తగ్గుతుంది, ఉన్ని తగ్గుతుంది. భాస్వరం, గంధకం కలిపిన దాణా తోడుగా పెడితే కొంత నయమని అక్కడి పశుపోషణ పరిశోధకులు కనుగొన్నారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ముల్గా మేతగా ఉండబట్టే కాపరి కరువులో మందను అమ్మకుండా నిలుపుకోగలిగాడు. మంద ఉండిపోయింది కాబట్టి మిగిలిన గడ్డి మొదలంటా పోయింది. గడ్డి పోయింది కాబట్టి నీటిని ఆపేదేమీ లేక పైమన్ను కొట్టుకుపోయింది. కరువులో ఆదుకున్న చెట్టే కరువును పొడిగించింది. 1890ల నాటి గొర్రెల సంఖ్యలు, వాటి వెంటనే వచ్చిన మహాకరువు కలిసి న్యూ సౌత్ వేల్స్ పడమటి నేలలను ఎంత దెబ్బతీశాయంటే, 1901లో ప్రభుత్వం దాని మీద రాయల్ కమిషను అనే ఉన్నత విచారణ సంఘాన్నే వేయవలసి వచ్చింది.

ఒక మాట త్వరగా చెప్పి దాటుతాను. నేను ఇంతసేపు ముల్గా అంటున్నది ఒక్క జాతి కాదు. ఒకే తోపులో నాలుగు రకాల రూపాలు కనబడతాయని, వాటిని ఎక్కడ విడదీయాలో తెలియదని వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం తల పట్టుకున్నారు. 2012లో బ్రూస్ మాస్లిన్, జోర్డాన్ రీడ్ పడమటి ఆస్ట్రేలియా ముల్గాలను పరిశీలించి పన్నెండు జాతులుగా విడదీశారు. వాటి మధ్య సంకరాలూ ఉన్నాయి. మనకు ఈ రోజుకు ముల్గా అంటే చాలు.

ఇటీవలి సంగతి కార్బన్. 2011లో భూమి మీది నేలలు గాలిలోంచి మామూలు కంటే చాలా ఎక్కువ బొగ్గుపులుసు వాయువును పీల్చుకున్నాయి. అది ఎక్కడికి పోయిందని వెదికితే, ఆ అదనపు భాగంలో దాదాపు 60 శాతం ఆస్ట్రేలియా నేలలదే అని 2014లో వెలువడిన పరిశోధన చెప్పింది. అమెజాన్ అడవి కాదు, ఈ ఎండు నేలలు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఉత్తరాన ముల్గా తోపులో 2010 నుంచి ఒక టవరు నిలబెట్టి చెట్లు పీల్చేదీ వదిలేదీ కొలుస్తున్నారు. మంచి వాన ఏడాది బాగా పీల్చుకున్న ఆ తోపు, మరుసటి పొడి ఏడాది దాదాపు ఏమీ మిగల్చలేదు. ఈ సంగతి తెలిసి కూడా, ముల్గా నేలల్లో చెట్లు తిరిగి పెరగనిస్తామని చెప్పి, అవి పీల్చుకునే బొగ్గుపులుసు వాయువుకు లెక్కకట్టి ఇచ్చే కార్బన్ క్రెడిట్లను అమ్ముకునే పథకాలు క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో పెద్ద ఎత్తున వచ్చాయి. పెరిగింది కాపరి చేసిన మార్పు వల్లా, వాన వల్లా అని 2022లో ఆండ్రూ మాకింతోష్ అనే ఆచార్యుడు గట్టిగా నిలదీశాడు. ప్రభుత్వం వేసిన సమీక్ష సంఘం పద్ధతి మూలంలో సరైనదే అంది. వాదన ఇంకా తెగలేదు. ఇంతసేపు నేను చెప్పిన వాన కథ విన్న మీకు నా మొగ్గు ఎటో తెలిసే ఉంటుంది. ఇరవై ముప్పై ఏళ్ల వాన లెక్కతో పోల్చి చూడకుండా అక్కడ ఏ చెట్టు లెక్కనూ నేను నమ్మను.

ఇక మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఈ విత్తనాలు తెచ్చి మన మెట్ట భూముల్లో వేయవచ్చా? వద్దంటాను. దానికి అవసరమైన చలికాలపు వాన మనకు నమ్మకంగా లేదు, మన వాన ఒక కాలానికి కట్టుబడినది. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పైగా బయటి నుంచి తెచ్చిన ఎండు నేలల చెట్టు ఏం చేస్తుందో సర్కారు తుమ్మ మనకు ఇప్పటికే చూపించింది. ఆ కంపచెట్లు పట్టిన చెరువులు, పొలాలు ఏ ఊళ్లో లేవు?

కానీ తేదగినది మరొకటి ఉంది. డేవిడ్ టాంగ్వే, జాన్ లుడ్విగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యూ సౌత్ వేల్స్‌లో ముల్గా చారలు చెడిపోయి బోడిగా మారిన నేల మీద ఒక ప్రయోగం చేశారు. నాటలేదు, దున్నలేదు, ఎరువు వేయలేదు. నరికిన ముల్గా కొమ్మలను వాలుకు అడ్డంగా కుప్పలుగా పరిచారు, అంతే. మూడేళ్లకల్లా ఆ కుప్పల్లో మన్ను ఆగింది, చెదపురుగులు వచ్చి నేలను గుల్ల చేశాయి, నీరు ఇంకడం పెరిగింది, గడ్డి దానంతటదే మొలిచింది. చెట్టు బతికున్నప్పుడు చేసే పనిని చచ్చిన కొమ్మ కూడా చేయగలిగింది, ఎందుకంటే కావలసింది నీటికి అడ్డం పడే ఏదో ఒకటి.

మన దగ్గర నరికిన సర్కారు తుమ్మ కొమ్మలకు కొదవ ఉందా? పొలం గట్ల మీద పడేసి కాల్చేస్తున్నాం. వాటిని కాయలు లేని నెలల్లో నరకాలి, లేకుంటే కాయల్లోని గింజలు అక్కడే మొలిచి మొదటికే మోసం వస్తుంది. మందలను రెండు మూడేళ్లు అటు పోనివ్వకూడదు, అది కష్టమైన భాగం, ఊరంతా ఒప్పుకోవాలి. వ్యవసాయ విద్యార్థులు కళాశాల పొలంలో ఎందుకూ పనికిరాదని వదిలేసిన గట్టి నేల ఒక ముక్క తీసుకొని, సగంలో కొమ్మలు కాంటూరు మీద పరచి, సగం అలాగే వదిలి, తొలకరికి ముందూ తరువాతా నీరు ఎంత ఇంకుతోందో కొలవండి. ఒక రేకు గొట్టం, ఒక చెంబు నీళ్లు, ఒక గడియారం చాలు. ఎలా కొలవాలో కావాలంటే ఇప్పుడే చెబుతాను, ముందుకు రండి.